మన చదువులకందని వక్రజ్యామితి

తిరుపతి చెంతనున్న ఏర్పేడు నుండి నెల్లూరునకు, నెల్లూరు నుండి చెన్నపట్టణమునకు, అచటినుండి తిరిగి ఏర్పేడునకు భూతలముపై మూడు ఋజురేఖలు సాగదీసి, ఆ మూడు మూలల కోణములను మిక్కిలి సూక్ష్మమైన యంత్రముతో కొలిచి కూడినచో, మొత్తము సరిగా 180 డిగ్రీలు కాదు; సుమారు 22 వికలలు హెచ్చుగా తేలును. డిగ్రీలో అరువదవ వంతు కల, కలలో అరువదవ వంతు వికల గనుక ఈ హెచ్చు కంటికి ఆనునది కాదు. అయినను ఇది కొలిచినవాని పొరపాటు కాదు, యంత్రదోషమును కాదు. ఈ మూడు ఊళ్ల నడుమనున్న నేల రమారమి 4,400 చదరపు కిలోమీటర్లు. గోళాకారమైన భూమిపై ప్రతి 197 చదరపు కిలోమీటర్లకు ఒక వికల చొప్పున త్రిభుజకోణముల మొత్తము పెరుగుచు పోవుట నియమము. 1802లో చెన్నపట్టణము చెంత సెయింట్ థామస్ కొండవద్ద ఆధారరేఖను కొలిచి, దక్షిణదేశమును త్రిభుజములతో కప్పనారంభించిన విలియం లాంబ్టన్ సర్వేకు ఈ హెచ్చును లెక్కలోనికి తీసికొననిదే అడుగు ముందుకు పడలేదు.

త్రిభుజకోణముల మొత్తము 180 డిగ్రీలని బడిలో వల్లెవేసిన బాలుడు ఇంటరు దాటి, డిగ్రీ దాటి, ఉద్యోగములో కుదురుకొని, మనుమలను ఆడించు ప్రాయము వచ్చినను, ఆ సూత్రము చదునైన తలమునకు మాత్రమే చెల్లుననియు, తాను కాలు మోపిన నేలకు చెల్లదనియు ఎవరును అతనికి చెప్పకపోవుట నాకు చిరకాలముగ కష్టము కలిగించుచున్న విషయము. ఐన్‌స్టీను చెప్పిన వంగిన దేశకాలముల (స్థలకాలముల) జ్యామితి యనగానే అది మహామేధావులకు తప్ప అంతుపట్టని రహస్యమని చేతులు జోడించి తప్పుకొనువారొకవైపు, రబ్బరు దుప్పటిమీద ఇనుపగుండు పెట్టి చూపగానే అంతయు తెలిసిపోయినదని తృప్తిపడువారొకవైపు. ఈ ఇరువురి నడుమ అసలు విషయము నలిగిపోవుచున్నది. కొలతల ద్వారమున ప్రవేశించినచో ఈ జ్యామితి పదవ తరగతి లెక్కలు వచ్చిన తెలుగువానికి సుగమమే యనియు, ఆ ద్వారమును తెఱవగలవారు ఇప్పుడు ఏర్పేడులోనే కాపురమున్నారనియు నా అభిప్రాయము.

జ్యామితి మనకు క్రొత్త విద్య కాదు. కొలతతాళ్లతో యజ్ఞవేదికలు కట్టుటకు సూత్రములు చెప్పిన శుల్బకారులలో ఆపస్తంబుడు తెలుగువారికి మిక్కిలి దగ్గఱవాడు. మన వైదిక కుటుంబములలో పెక్కుమంది నేటికిని ఆపస్తంబసూత్రులమనియే ప్రవర చెప్పుకొనుచున్నారు. ఆ తాళ్ల జ్యామితి సమతలమునకు సంబంధించినది. తరువాతి సిద్ధాంతజ్యోతిషము గోళమును పట్టుకొన్నది: 1150లో భాస్కరాచార్యుడు సిద్ధాంతశిరోమణిలో గోళాధ్యాయమును ప్రత్యేకముగ చేర్చినాడు, గ్రహణము పట్టువేళను సొంతముగ గణించు పంచాంగకర్త ప్రతియొక్కడును వక్రతలముపై త్రిభుజములను సాధించుచునే యున్నాడు. తిరుపతి సంస్కృత విశ్వవిద్యాలయములో జ్యోతిషము నేటికిని పాఠ్యశాస్త్రమే. ఇంతమాత్రముచేత ఐన్‌స్టీను చెప్పినది మన పూర్వులు ఏనాడో చెప్పియుండిరని చంకలు గుద్దుకొనుట నాకు సమ్మతము కాదు. వారి గోళము బయటినుండి చూడదగిన గోళము, దాని చుట్టునున్న ఆకాశము వంపెఱుగని ఆకాశము. ఆ ఆకాశమునకే వంపు ఉండవచ్చునన్న ఊహ వేరొక జాతికి చెందినది, దాని పుట్టుక వేరు.

గోళము వంగియున్నదని బయటినుండి చూచినవానికి తెలియుటలో వింత లేదు. తలమును విడిచి పైకి పోజాలని కొలతగాడు, ఆ తలముపైననే తిరుగుచు, దూరములను మాత్రమే కొలుచుకొనుచు పోయినచో, అది వంగినదో చదునైనదో తేల్చుకొనగలడా? తేల్చుకొనగలడనియు, ఎంత వంగినదో అంకెతో సహా చెప్పగలడనియు 1827లో గౌస్ నిరూపించినాడు. అంతకుముందు ఏండ్ల తరబడి హానోవరు రాజ్యమును కొలుచుచు కొండకొమ్ములపై ఎండకును గాలికిని ఓర్చి తిరిగిన గణితవేత్త ఆయన. ఈ సిద్ధాంతములో ఆ తిరుగుడు వాసన ఉన్నదని నేను నమ్ముదును. 1854 జూన్ 10న గొట్టింగెన్‌లో రీమాన్ అను ఇరువదియేడేండ్ల యువకుడు, ఉపన్యాసక పదవికి అర్హత సంపాదించుటకై, ముసలివాడైన గౌస్ ఎదుట ప్రసంగించినాడు. అతడు మూడు విషయములు సూచింపగా, తాను సిద్ధము చేసికొనని మూడవదానినే గౌస్ ఎన్నుకొన్నాడు. ఆ ప్రసంగములో రీమాన్ గౌస్ చెప్పిన మాటను తలమునుండి దేశమునకు, రెండు పరిమాణములనుండి ఎన్ని పరిమాణములకైనను విస్తరింపజేసి, వక్రత ఒకచోట ఒక విధముగ, మఱియొకచోట మఱియొక విధముగ ఉండవచ్చుననియు, మన దేశము ఏ విధమైనదో తేల్చవలసినది తర్కము కాదు, కొలతయే యనియు చెప్పినాడు. రెండువేల ఏండ్లుగా యూక్లిడ్ చెప్పినదే విధిలేని సత్యమని తలవంచిన పండితలోకమునకు ఇంతకంటె పెద్ద విడుదల మఱియొకటి కలుగలేదు.

అరశతాబ్ది గడచిన పిమ్మట కథ త్వరగా సాగినది. 1907లో బెర్న్ పేటెంటు కార్యాలయములో కూర్చున్న ఐన్‌స్టీనుకు, స్వేచ్ఛగా పడుచున్నవానికి తన బరువు తెలియదన్న ఆలోచన తట్టినది. 1908లో ఆయన పూర్వపు గురువు మింకౌస్కీ కాలమును దేశముతో కలిపి నాలుగు పరిమాణముల ఒక్క వస్తువుగ చూపినాడు. 1912లో సహపాఠియైన గ్రాస్‌మన్ రీమాన్, రిచ్చి, లెవి-చివితాల గణితమును చేతికందించినాడు. 1915 నవంబరు 25న బెర్లిన్ అకాడమీలో తుది సమీకరణములు వెలువడినవి. వాని సారము ఇంతే: పదార్థమును శక్తియు ఎక్కడ ఎంతయున్నవో అందును బట్టి దేశకాలము వంపు తిరుగును; ఏ త్రోపుడును లేక వదలిన వస్తువు ఆ వంపులో సాధ్యమైనంత ఋజువైన మార్గమును పట్టి పోవును. బుధగ్రహము కక్ష్య శతాబ్దికి 43 వికలలు అదనముగ ఏల జరుగుచున్నదో లెక్క తెలియక ఖగోళజ్ఞులు అరువదేండ్లకు దగ్గఱగా తలపట్టుకొనియుండగా, ఆ 43 వికలలును ఈ సమీకరణములనుండి తమంత తాము ఊడిపడినవి.

ఇక రబ్బరు దుప్పటి. పుస్తకములలోను, టీవీలలోను, యూట్యూబులోను ఎక్కడ చూచినను అదియే: సాగదీసిన రబ్బరు గుడ్డ, నడుమ ఒక ఇనుపగుండు, దాని చుట్టు తిరుగు గోలీ. ఈ బొమ్మపై నాకున్న ఫిర్యాదులు రెండు. గుండు గుడ్డను క్రిందికి నొక్కుటకు గురుత్వమే కావలెను గదా. గురుత్వమును వివరింప బూని గురుత్వమునే అరువు తెచ్చుకొనుట ఏమి వివరణము? ఇది చిన్న ఫిర్యాదు. రెండవది పెద్దది. ఆ గుడ్డలో వంగినట్లు కనబడునది దేశము మాత్రమే. కాలమునకు అందులో చోటు లేదు. కాని మన ఇండ్లలో, తోటలలో, కొండలలో గురుత్వమని మనము పిలుచుదానిలో ఇంచుమించు సర్వమును కాలము వంపువలన కలుగునదే, దేశము వంపు అందులో లెక్కకు రానంత స్వల్పము. అనగా ఆ బొమ్మ అసలు సంగతిని వదలి, కొసరును చూపుచున్నది.

ఈ మాటను అంకెలతో చూడవచ్చును. ఒక పిల్లవాడు రాయిని నిట్టనిలువుగ ఎగురవేసి సరిగా ఒక సెకనునకు పట్టుకొన్నాడనుకొనుడు; ఆ రాయి 1.2 మీటర్ల ఎత్తు లేచియుండును. మఱియొకడు బలముగ విసరి రెండు సెకన్లకు పట్టుకొన్నాడు. అతని రాయి 4.9 మీటర్లు లేచినది. ఒకటి పొట్టి ఎగురు, ఒకటి పొడవు ఎగురు. రెండింటికిని పోలిక ఏదియు కనబడదు. ఇప్పుడు కాలమును కూడ ఒక పొడవుగ గీయుడు: ఒక సెకనునకు కాంతి పోవు దూరము, అనగా మూడులక్షల కిలోమీటర్లు, ఆ పటములో సెకను పొడవు. మొదటి రాయి మూడులక్షల కిలోమీటర్ల పొడవున 1.2 మీటర్లు వంగినది. రెండవది ఆరులక్షల కిలోమీటర్ల పొడవున 4.9 మీటర్లు వంగినది. ఈ రెండు వంపులును ఏ వృత్తములోని చాపములో లెక్కించినచో, రెండింటికిని వ్యాసార్ధము ఒక్కటే, రమారమి ఒక కాంతిసంవత్సరము. రాయి బరువు, విసరిన బలము, చేతివాటము అన్నియు ఈ లెక్కలో కరగిపోయి, భూమి తన చెంతనున్న దేశకాలమునకు ఇచ్చిన స్వభావమొక్కటియే మిగిలినది. అంతేకాదు, ఐన్‌స్టీను దృష్టిలో రాయియే ఋజుమార్గమున పోవుచున్నది; నేల మన పాదములను నిరంతరము పైకి త్రోయుచుండుటచే ఋజుమార్గము తప్పినవారము మనమే.

అట్లైన నిజమైన వంపునకు గుర్తేమి? చిత్తూరు సీమ మామిడితోటలో ఐదు మీటర్ల ఎడముతో, ఐదు మీటర్ల ఎత్తున వ్రేలాడు రెండు తోతాపురి కాయలు ఒకేసారి తొడిమ ఊడినవనుకొనుడు. రెండును నిలువుగనే పడును. కాని రెండు నిలువులును భూమి కేంద్రమువైపునకే గనుక, అవి నేలను చేరునప్పటికి ఒకదాని కొకటి మిల్లీమీటరులో సుమారు 250వ వంతు దగ్గఱగును. ఏర్పేడులో వ్రేలాడదీసిన తూకపుగుండు దారమునకును, శ్రీహరికోటలో వ్రేలాడదీసిన దారమునకును మధ్య కోణము అరడిగ్రీకి పైమాట. ఏ బలమును తాకని రెండు మార్గములు సమాంతరముగ బయలుదేరి చేరువగుట, అదియే వక్రత. సముద్రపు ఆటుపోట్లకు మూలమును ఇదియే. ఈ చేరువగుటకు సర్వసాధారణమైన సమీకరణమును 1955లో ప్రకటించినవాడు కలకత్తాలో పనిచేయుచుండిన అమల్ కుమార్ రాయ్‌చౌధురి. కుప్పకూలు నక్షత్రములలో దేశకాలము అంతమగు చోటులు తప్పవని పెన్‌రోజ్, విశ్వారంభమునకు అదియే వర్తించునని హాకింగ్ వాదించినప్పుడు వారి చేతిలోని ఆయుధము ఆ సమీకరణమే. 2020లో పెన్‌రోజ్‌కు నోబెల్ వచ్చినవేళ మన పత్రికలలో ఈ బెంగాలీ ఆచార్యుని పేరు ఇంకను పెద్ద అక్షరములలో కనబడియుండవలసినది.

కాంతి సంగతి వేరు. అది కాలములో ఎంత పోవునో దేశములోను అంతే పోవును గనుక, దాని యందు రెండు వంపులును సరిసమానముగ పనిచేయును. సూర్యుని అంచును రాచుకొని వచ్చు నక్షత్రకాంతి కాలము వంపువలన సుమారు 0.875 వికలలు, దేశము వంపువలన మఱియొక 0.875, మొత్తము 1.75 వికలలు వంగవలెను. 1911లో ఐన్‌స్టీను చేతికి చిక్కినది మొదటి సగమే. 1915లో రెండవ సగమును కలసినది. 1919 మే 29 గ్రహణమునాడు ప్రిన్సిపే ద్వీపములోను, బ్రెజిల్‌లోని సొబ్రాల్‌లోను తీసిన ఛాయాచిత్రములు పూర్ణమునే సమర్థించినవి. దేశము వంగునన్న మాటకు సాక్ష్యము కావలసినవారు చూడవలసినది ఈ రెండవ సగమును, రబ్బరు గుడ్డను కాదు.

కాలము వంపునకు సాక్ష్యము మాత్రము మన ఇంటిముందరనే ఉన్నది. ఏర్పేడుకంటె తిరుమల ఏడెనిమిది వందల మీటర్లు ఎత్తు. కావున కొండపైని గడియారము క్రింది గడియారముకంటె రోజునకు సుమారు 7 నానోసెకన్లు, అనగా సెకనులో వందకోట్ల వంతులు చేసిన అట్టి ఏడు వంతులు, వడిగా నడచును. ఒక సెకను తేడా రావలెనన్న నాలుగు లక్షల ఏండ్లు పట్టునని నవ్వుకొనువారు, 2010లో అమెరికాలోని బౌల్డరులో ఒక అణుగడియారమును మఱియొకదానికంటె 33 సెంటీమీటర్లు, అనగా రెండు మెట్ల ఎత్తునకు దగ్గఱగా, పైకి లేపి ఆ తేడాను కూడ కొలిచినారని తెలిసికొనవలెను. ఇక ఈ తిరుపతి జిల్లాలోనిదే యైన శ్రీహరికోట నుండి 2013 జూలై 1న మొదలుపెట్టి మనవారు పంపిన, దారిచూపు నావిక్ ఉపగ్రహములు 36,000 కిలోమీటర్ల ఎత్తున తిరుగుచున్నవి. అక్కడి గడియారము ఎత్తువలన రోజునకు 51 మైక్రోసెకన్లు ముందునకు పోవును, వేగమువలన నాలుగున్నర వెనుకకు వచ్చును. మిగులునది సుమారు 46. ఆ వ్యవధిలో కాంతి 14 కిలోమీటర్లు పోవును. దీనిని సరిచేయనిచో మఱునాడే ఫోనులోని పటము మనలను పొరుగు మండలములో చూపునని కొందఱు వ్రాయుదురు. అన్ని ఉపగ్రహములును ఒకేరీతి తప్పినప్పుడు ఆ తప్పు చాలవఱకు తమలో తామే కొట్టివేసికొనును గనుక అది అతిశయోక్తి. కాని భూమిపైని కాలముతో వానికి పొత్తు చెడిపోవుటయు, కక్ష్యలలోని హెచ్చుతగ్గులు లెక్కను క్రమముగ పాడుచేయుటయు నిజము. గడియారమే అచ్చట ప్రాణమనుటకు వేరే నిదర్శనమక్కరలేదు: మొదటి ఉపగ్రహములోని మూడు రుబిడియం గడియారములును ఆగిపోగా దాని స్థానమున వేరొకదానిని పంపవలసివచ్చినది, 2023 మే 29న ఎగిరిన ఎన్‌వీఎస్-01లో స్వదేశములో చేసిన గడియారమును అమర్చినారు.

ఎక్కములే సరిగా రాని పిల్లలు బడులనిండ నుండగా ఈ గగనకుసుమములెందులకని అడుగువారున్నారు. ఆ ప్రశ్నను నేను తేలికగ తీసికొనను. ఎక్కములు రాకపోవుటకు కారణములు వేరు. వానిని ఎక్కడ సరిదిద్దవలెనో అక్కడ సరిదిద్దవలెను. కాని చదువు రానివాని పేరు చెప్పి చదువు వచ్చినవానికి కూడ తలుపు మూయుట ఏ న్యాయము? ఇంటరులో లెక్కలు చదువు పిల్లలు మన రాష్ట్రములో లక్షలలో ఉన్నారు. వారందఱును పోటీపరీక్షకొఱకు సూత్రములను కంఠస్థము చేయుచున్నారేగాని, చదునైన జ్యామితి అనేక జ్యామితులలో ఒకటి మాత్రమేయని వినినవారు వేళ్లమీద లెక్కింపదగినవారు. ఈ జ్యామితి పండితవినోదమును కాదు. 2015 సెప్టెంబరు 14న అమెరికాలోని లైగో యంత్రములు, నాలుగు కిలోమీటర్ల బాహువు పొడవున ప్రోటానుకంటెను ఎంతో చిన్నదైన కదలికను పట్టి, రెండు కృష్ణబిలముల కలయికవలన దేశకాలములో లేచిన అలను గుర్తించినవి. ఆ యంత్రమునకు తోబుట్టువును పూర్వపు హైదరాబాదు రాజ్యములోనిదైన ఔంఢా నాగనాథ్ చెంత నిర్మించుటకు కేంద్రప్రభుత్వము 2023లో పూర్తి ఆమోదమిచ్చినది. జ్యోతిర్లింగముండు ఆ ఊరికిని, వాయులింగముండు శ్రీకాళహస్తి పొరుగుననున్న ఏర్పేడునకును ఈ చుట్టరికము యాదృచ్ఛికమే యైనను నాకు ముచ్చటగనే తోచుచున్నది.

రాష్ట్రవిభజన చట్టము ఫలితముగ 2015లో తిరుపతికి వచ్చిన ఐఐటీ, ఐసర్ అను రెండు విద్యాసంస్థలును ఏర్పేడు మండలములోనే శాశ్వతప్రాంగణములు కట్టుకొన్నవి. పెరటిచెట్టు మందునకు రాదన్న సామెత ఇచట నిజము కారాదని నా కోరిక. అక్కడి ఆచార్యులు నలుమూలల నుండి వచ్చినవారు, వారికి తెలుగు రాదు, వారేమి చేయుదురని సమాధానము చెప్పువారు ఏర్పేడు చరిత్రను మఱచినారు. కేరళమున పుట్టి, తిరుమల కొండపై గోగర్భములో ఏండ్ల తరబడి తపస్సు చేసి, 1926లో ఈ ఊరి చెంతనే వ్యాసాశ్రమమును స్థాపించిన మలయాళస్వామి తెలుగువాడు కాదు. ఆయన తెలుగు నేర్చి, తెలుగున వ్రాసి, స్త్రీలకును అన్ని కులములవారికిని వేదాంతమును సంస్కృతమును బోధింప పూనినపుడు, ఇది అందఱికి చెప్పదగిన విద్య కాదన్న పెద్దలు నాడును ఉండిరి. 1962లో ఆయన గతించునాటికి ఆ అభ్యంతరము చేసినవారి పేర్లు ఎవరికిని గుర్తులేవు. ఆయన శుష్కవేదాంత తమోభాస్కరము మాత్రము పల్లెలలో చదువబడుచుండెను. వేదాంతమునకు చెల్లిన న్యాయము రీమాన్ జ్యామితికి ఏల చెల్లదు?

నేను కోరునది పెద్ద ప్రణాళిక కాదు. జిల్లాలోని జూనియరు, డిగ్రీ కళాశాలల లెక్కల, భౌతికశాస్త్రపు ఉపన్యాసకులకు వేసవిలో పదిదినముల శిక్షణ, తెలుగున. అందులో టెన్సరులు చివర, గ్లోబుపై దారములు మొదట. అటుపై ఒక ప్రయోగము. 2005లో అమెరికాలో ఒక ఔత్సాహికుడు మూడు సీజియం గడియారములను కారులో పెట్టుకొని, తన పిల్లలతో రెయినియర్ కొండకు పోయి, రెండు దినములు గడిపి దిగివచ్చి, ఇంటనున్న గడియారములతో పోల్చి, 20 నానోసెకన్లకు పైచిలుకు హెచ్చును పిల్లలకు చూపినాడు. మన కొండ అంత ఎత్తు కాదు. కావున రెండు దినములు చాలవు. ఏర్పేడులో ఒక జతను ఉంచి, మఱియొక జతను ఘాటురోడ్డు మీదుగ తిరుమలకు చేర్చి, ఒక వారము అచట నడిపించి దింపినచో 50 నానోసెకన్లకు దగ్గఱగా తేడా కనబడవలెను. మంచి సీజియం గడియారముల సహజదోషమును దాటి పోల్చుకొనుటకు అది చాలును. గడియారములను ఆ రెండు విద్యాసంస్థలు సమకూర్చుకొనగలవు, అంకెలు వ్రాసికొనుటకు ఏర్పేడు ఉన్నతపాఠశాల పిల్లలున్నారు. దేవస్థానమువారు ఒక వారముపాటు కరెంటు పోని గది యొకటి ఇచ్చినచో మిగిలిన ఏర్పాట్లు కష్టమైనవి కావు.